పూత మీదున్న చామంతి

సుభద్రక్కయ్య పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు ఓబులేసు. పక్క విల్లాలో డ్రైవరు, కడప జిల్లా మనిషి. నేను వంటగదిలో కొత్తిమీర కట్ట విప్పుతున్నాను. తడి ఆకుల వాసన గదంతా నిండి ఉంది. "అక్కా, సుభద్రమ్మ లేదంటక్కా. రాజమండ్రి ఆసుపత్రిలోనేనంట. ఇంజనీరు సారు ఫోన్ చేసినాడు" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. నా వేళ్ళు మాత్రం ఆకుల మధ్య అక్షింతల పురుగు కోసం వెతుకుతూనే ఉన్నాయి. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే ఆ చిన్న పురుగును వెతకడం నేర్పింది ఆవిడే.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. నిజామాబాద్ దగ్గర పల్లెలో నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. పెళ్ళయి ఈ గల్ఫు దేశానికి, ఈ మదీనత్ ఖలీఫాకు వచ్చాక నలుగురిలో నోరు విప్పాలంటే బెదురు. పై పోర్షన్‌లో ఉండే సుభద్రక్కయ్య ఇంజనీరుగారి భార్య, కడియం పూలతోటల్లో పెరిగిన మనిషి. మొదటి రోజు నా పేరైనా అడగకుండా "రావే, కుండీలకి నీళ్ళు పట్టు" అంది. నా బెదురు ఆ మేడ మీదే పోయింది.

పోయిన చలికాలం ఆవిడ కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్‌కు ఊరెళ్ళే ముందు తను పెంచిన చామంతులతో వేంకటేశ్వరస్వామికి పూజ చేస్తానని మొక్కుకుంది. తీరా పువ్వులు విచ్చే వేళకు పేనుబంక పట్టింది. లేత కొమ్మల నిండా జిగురు, నల్లగా పురుగు. నేను పరుగున వేపనూనె సీసా తెచ్చాను.

"అక్కా, ఇది కొట్టకుంటే ఒక్క పువ్వు గూడ మిగలదు. నీ మొక్కు ఎట్ల తీరుతది?"

"మొగ్గ తొడగకముందు కొట్టాలే అది. పూత మీదున్న మొక్కకి కొడతారా ఎవరైనా? ఆ కంపు పట్టిన పువ్వు నీ మొగుడు తెచ్చినా తల్లో పెట్టుకోవు, స్వామికి పెడతావా?"

కుంకుడు రసంలో గుడ్డ ముంచి, రేకులకు తగలకుండా ఆకుల అడుగున తుడిచి, మంచినీళ్ళతో కడిగాం. మర్నాడు కొత్తిమీర కట్టలో అక్షింతల పురుగు కనబడితే ఆవిడ దాన్ని దోసిట్లో పెట్టుకుని మెట్లెక్కింది. ఆ పురుగు పేనుబంకను తింటుంది. "వచ్చాడమ్మా మా కాంట్రాక్టరు! యల్లా, పద పద, డ్యూటీ ఎక్కు నాయనా" అంటూ కొమ్మ మీద వదిలింది. నవ్వలేక చచ్చాను.

ఒక్క పురుగు ఎన్ని తినగలదు? పూజనాటికి గుప్పెడు పూలే దక్కాయి. నాకు ఏడుపొచ్చింది. "బుట్టెడు తెమ్మని ఆయనడిగాడా? ఉన్నవి శుభ్రంగా ఉన్నాయి, చాలు" అంది. హారతి కళ్ళకద్దుకున్నాక మాత్రం నా చెయ్యి పట్టుకుని "భయంగా ఉందే" అంది, అంత మెల్లగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఊరెళ్ళాక అక్కడి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట "మొగ్గలేశాయా?" అనే. ఈ యేటి మొగ్గలు వేశాయి, విచ్చాయి కూడా. ఆ మాట చెబుదామంటే ఇక ఆవిడ ఫోన్ రాదు.

సాయంత్రం మేడ మీదకు వెళ్ళాను. మళ్ళీ పేనుబంక. వేపనూనె సీసా అలమారాలోనే ఉంది, ముట్టలేదు. కుంకుడు రసంతో ఒక్కో ఆకూ తుడిచాను. పరాయి దేశంలో నాకొక అక్కను ఇచ్చిన స్వామికి దండం పెట్టుకున్నాను, ఎందుకు తీసుకున్నావని అడగలేకపోయాను.

ఇవాళ్టి కట్టలో పురుగు దొరకలేదు. మీ కొత్తిమీరలో ఎప్పుడైనా కనబడితే విదిలించి పారేయకండి. ఏదో ఒక మొక్క మీద వదిలి, మా సుభద్రక్కయ్యను ఒక్కసారి తలచుకోండి.