అత్తమ్మ బొట్టు పెట్టిన డిస్కు

మా అత్తమ్మ పోయింది. వనపర్తి దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పిల్లలతో పరీక్ష రాయిస్తున్నాను. "అమ్మ పోయిందే" అన్నాడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను గానీ, ముందు ఆమె నోటి సంగతి చెప్పకపోతే ఆమె మీకు తెలియదు. కొత్త కోడలిగా ఖిల్లా ఘణపూర్‌లో నేను వండిన మొదటి కూర తిని, నాకు వినబడేలాగే పక్కింటామెతో, "బర్రె గూడ మూతి తిప్పుకుంటది" అంది. నాకు జ్వరమొస్తే తిట్టుకుంటూనే జొన్న గటక కాచి పెట్టేది. నేను బస్సుకు బయల్దేరే వేళకు టిఫిన్ డబ్బా గడప దగ్గర సిద్ధంగా ఉండేది. "సచ్చేదాంక నీకు వండిపెట్టుడే నా బతుకు" అనే మాట కూడా దానితో పాటే. ఆ డబ్బా వల్లే నా ఉద్యోగం నిలబడింది. ఆ రుణం కాదనను.

ఆమెకు చిన్న వయసులోనే మొగుడు పోయాడు. కూలికి పోయి ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్ద కొడుకు పెళ్ళినాడు, మొగుడు లేని మనిషి పందిట్లోకి వస్తే అరిష్టమని అయినవాళ్ళే ఆమెను వంటగదిలో కూర్చోబెట్టారు. తలంబ్రాల వేళ "మా అమ్మేది?" అని కొడుకు అడిగాడని తర్వాత ఆమె చెల్లెలు చెప్పింది. నిజంగా విన్నదో, ఓదార్పుకు అన్నదో! అడుగుదామంటే ఆ చెల్లెలూ ఇప్పుడు లేదు. పెళ్ళైన నెలకే ఆ కొడుకు పొలంలో బోరు మోటరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు.

పెళ్ళి వీడియో డిస్కు ఇంటికి వచ్చేనాటికి పెళ్ళికొడుకే లేడు. చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అత్తమ్మ దాన్ని కొడుకు అంగీల మధ్య పెట్టెలో దాచింది. పోయినవాళ్ళను తలుచుకునే పెత్రమాసకు ప్రతి ఏడూ బయటికి తీసి, పసుపు రాసి బొట్టు పెట్టేది. అదీ మెరిసే వైపు. "అద్దం లెక్కున్నది గదా, వాని మొకం గటు దిక్కే ఉంటది" అనేది.

మొన్నటి ఎండాకాలం ఉన్నట్టుండి ఆ డిస్కు నా చేతిలో పెట్టింది. "పంతులమ్మా, జర నీ కంప్యూటర్ల పెట్టు. వాడు నన్ను పిలిచింది ఒక్కపారి ఇని సస్త."

మా ల్యాబులో ఉన్నవి లినక్స్ కంప్యూటర్లు. నల్ల తెర మీద సీపీ అని కొట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో చెబితే చాలు, ఫైళ్ళు నకలవుతాయి. ఈ డిస్కు మాత్రం కొంచెం నడిచి, చదవలేనంటూ ఆగిపోయింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట, నీ అసుంటి దాన్ని చూసే అన్నరు" అంది. మర్నాడు సబ్బునీళ్ళలో దూది ముంచి, మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిచాను. ఆమె పెట్టిన పసుపంతా నా వేళ్ళకు అంటుకుంటుంటే ఏడుపొచ్చింది. చెడిన చోట ఆగకుండా దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ప్రయత్నించే ఇంకో కమాండ్ ఉంది. అది పెట్టి కూర్చున్నాను. మొత్తం వచ్చింది. ఒక్క ముక్క పోలేదు. కొంచెం పోయినా బాగుండేది.

మంచం మీద ఆమె పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. తలంబ్రాలు మొదలయ్యాయి. కొడుకు నవ్వాడు, పెళ్ళిపిల్ల నెత్తిన దోసిళ్ళతో బియ్యం పోశాడు, స్నేహితులతో పరాచికాలాడాడు. అమ్మ మాటే ఎత్తలేదు.

"మళ్ళ పెట్టు" అంది. పెట్టాను. మళ్ళీ పెట్టమంది. చివరికి తెర మీద నుంచి చూపు నా మీదికి తిప్పింది.

"నువ్వే తీసేసినవ్."

"అయ్యో అత్తమ్మా! కాపీ చేస్తే ఉన్నదే వస్తది. నేనేం తియ్యలే."

"ఉన్నదే వస్తే వాని మాటేది?"

ఆ రోజు నుంచి కూరగాయలామెకు, పాలాయనకు, వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే మాట. కోడలు కడుపుమంటతో కొడుకు పిలుపు తుడిచేసిందట! ఒకసారి వీడియో ఎక్కించేసిన డిస్కులోంచి ఎవరూ ఏమీ తీయలేరని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆఖరికి మా ఆయన కూడా, "పొరపాటున ఏమన్న డిలీట్ అయిందా?" అని అడిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదు నేను.

పోయే ముందు రోజు దవాఖానలో నా చెయ్యి పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి ఆమెది.

"నువ్వే తీసినవ్ గదా? ఇప్పుడన్న చెప్పు."

ఒళ్ళు మండింది. చేయని పాపం ఇంకా ఎన్నాళ్ళు మోయాలి! కసురుకుందామనే ఆమె వైపు తిరిగాను. ఆ కళ్ళలో కోపం లేదు. నేను ఎక్కడ కాదంటానోనని బెదిరిపోయి చూస్తోంది.

"అవునత్తమ్మా" అన్నాను. "నేనే తీసేసిన."

"ఏమని పిలిచిండు?"

"మా అమ్మేది, అమ్మ రాందే తలంబ్రాలు పొయ్యనన్నడు."

"థూ, పాపిష్టిదానా!" అంది. నా చెయ్యి విదిలించుకుని గోడ వైపు తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకున్నా, నవ్వుకు ఆమె భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది.