గంగమ్మ హుండీలో వేసిన కాగితం

రెడ్డెమ్మ మా ఇంటికి పని అడగడానికి వచ్చినప్పుడు చంకలో నాలుగేళ్ల కూతురు ఉంది. జీతం ఎంతని అడగలేదు. ముందుగా కూతురి సంగతి చెప్పింది.

"మా చెంగికి ఫిట్సు వస్తాయమ్మా. అంటుకునే రోగం కాదని వేలూరు డాక్టరు చెప్పినాడు. నీకు చంటిబిడ్డ ఉండాది, భయమైతే ఇప్పుడే చెప్పు, పోతాను."

అది 1984 జూన్. కుప్పం వైపు, గుడుపల్లె దగ్గరి ఒక పల్లెలోని హైస్కూలుకు నన్ను సైన్సు టీచరుగా వేశారు. మా ఆయన ఉద్యోగం మదనపల్లెలో. మా పాపకు ఎనిమిదో నెల. నీళ్లు రెండుసార్లు కాచి, పాప తుమ్మితే థర్మామీటరు తీసే రోజులవి. అలాంటి నాకు, రోగం దాచకుండా చెప్పిన ఆ మనిషి మీదే నమ్మకం కుదిరింది.

రెడ్డెమ్మకు ఇరవై అయిదేళ్లుంటాయి. పుట్టిల్లు పుంగనూరు దగ్గరి పల్లె. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయి రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. ఇంట్లో అత్త సిద్ధమ్మ, చెంగి, ఒక మూల పట్టుపురుగుల తట్టలు. పగలంతా మా పాపను, చెంగిని చూసుకుని, నేను బడి నుంచి వచ్చాక మల్బరీ తోటకు పోయి ఆకు కోసుకునేది.

చెంగికి ఉదయం ఒక బిళ్ల, సాయంత్రం ఒక బిళ్ల వేయాలి. వాటివల్ల పిల్ల మొద్దుబారిపోతోందని సిద్ధమ్మ ఒకసారి సీసా మొత్తం పేడదిబ్బలో పారేసింది. అప్పటినుంచి బిళ్లలు మా బీరువాలో ఉండేవి. ఉదయం పనికి వచ్చినప్పుడు ఒకటి, సాయంత్రం వెళ్లేటప్పుడు ఒకటి నేనే తీసి ఇచ్చేదాన్ని. ఆ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్సు మరింత గట్టిగా వస్తాయని నేను చదివాను. రెడ్డెమ్మకూ చెప్పాను. రెండో శనివారం సెలవు కలిసినప్పుడు మదనపల్లె వెళ్తూ, తిరిగి వచ్చేదాకా సరిపడే బిళ్లలు పొట్లం కట్టి ఆమె చేతికి ఇచ్చేదాన్ని.

ఆగస్టులో ఆమె అన్న మల్లప్ప వచ్చాడు. గడ్డం మాసి ఉంది. పుంగనూరు సంతలో ఎద్దుల జత చూస్తుంటే పోలీసులు పట్టుకున్నారట.

"వారంటు ఉండాదంట రెడ్డీ. ఆ బాయికాడ కొట్లాట కేసే. నాలుగు దినాలు లోపలేసినారు. అవతలోళ్లు వచ్చి రాజీ అయిపోయిందని కోర్టులో చెప్తే వదిలినారు. నీ పేరు కూడా ఉండాది. నిన్ను పిలిస్తే పలకలేదని కొట్టేయకుండా పెట్టినారు."

రెడ్డెమ్మ నమ్మలేదు. "అది ఎప్పుడో అయిపోయింది కదన్నా!"

ఆ కథ నాకు అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ల క్రితం రెడ్డెమ్మ పుట్టింటికీ ఇంకో కుటుంబానికీ ఉమ్మడి బావి ఉండేది. నీళ్లు అడుగంటిన ఎండాకాలంలో మోటారు వంతుల దగ్గర గొడవ వచ్చి తలలు పగిలాయి. కేసు మదనపల్లె కోర్టుకు వెళ్లింది. రెండు వాయిదాలు తిరిగాక ఊరి పెద్దలు ఇరువైపుల వాళ్లనూ బోయకొండ గుడికి తీసుకుపోయి, గంగమ్మ ముందు కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించారు. ఇకమీదట ఎవరూ ఆ కోర్టు మెట్లు ఎక్కకూడదు. మల్లప్ప దొరికేదాకా అందరూ ఆ మాట నిలబెట్టుకున్నారు. ఒక్కరూ కోర్టుకు పోలేదు, రాజీ అయిందని చెప్పడానికి కూడా. మూడో వాయిదాకు ముద్దాయిలు పలకకపోతే వారంట్లు పుట్టాయి.

"నిజంగా కొట్టావా రెడ్డెమ్మా?" అని అడిగాను.

"కొట్టినాను. మా నాయన తలకాయ పగలగొట్టినోణ్ని బొక్కెనతో ఒకటేసినాను. పదిహేడేళ్లు నాకు. ఊరికే ఉంటానా?"

కోర్టుకు వెళ్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. గంగమ్మ ముందు పెట్టిన ఒట్టు. మూడు రోజులు అడిగి, నాలుగో రోజు ఒక్క మాటే అన్నాను. "నిన్ను పట్టుకుపోతే చెంగికి బిళ్లలు ఎవరు వేస్తారు? మీ అత్తా?"

ఆమె చెంగిని ఒళ్లోకి తీసుకుంది. "సరే, పోదాం పదమ్మా," అంది.

ఇద్దరు పిల్లలతో ఆదివారం బస్సెక్కి మదనపల్లె చేరాం. మా ఆయన ఉండే వీధిలోనే బాబు సాహెబ్ ఇల్లు. ముప్పై ఏళ్లుగా ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఎన్నడూ దొరకని కాగితం కూడా ఆయన వెతికితే దొరుకుతుందని పేరు.

"కేసు నెంబరేందమ్మా?" అన్నాడు.

"తెలీదు సాయిబూ."

"ఏ సంవత్సరం?"

"మా బాయి ఎండిపోయిన సంవత్సరం."

"బాగుండాది. రిజిస్టరులో అట్టా రాసుకోమని జడ్జీగారికి చెప్తా. బాయి ఎండింది ఒక కట్ట, మేకలు సచ్చింది ఒక కట్ట."

రెడ్డెమ్మ నవ్వింది. మళ్లీ భయంగా అడిగింది. "ఎనిమిదేళ్లాయ కదా సాయిబూ. పాతబడి పోయుండదా?"

"వారంటేమన్నా గోంగూరామ్మా, వాడిపోయేదానికి? నీకు అరవై ఏళ్లొచ్చినా అది పచ్చగానే ఉంటాది."

సోమవారం ఉదయమంతా ఆయన పాత కేసుల రిజిస్టర్లు తిరగేశాడు. ముద్దాయిలు పలకని కేసులకు వేరే పుస్తకం ఉంటుంది. అందులో దుమ్ము కొట్టుకుంటూ వేలితో ఒక్కొక్క వరుస చూశాడు. మధ్యాహ్నం బయటికి వచ్చి, "దొరికినావు. అయిదో ముద్దాయి, వెంకటస్వామి కూతురు," అన్నాడు. వారంటు రద్దు చేయమని అర్జీ రాయించి ఆమెను లోపలికి నడిపించాడు. గడప దగ్గర ఆమె చెప్పులు విడిచి, వంగి మెట్టును తాకి కళ్లకద్దుకుంది.

ఎనిమిదేళ్లు ఎందుకు రాలేదని మెజిస్ట్రేటు అడిగారు.

"రాకూడదని ఒట్టు పెట్టుకున్నాం సామీ."

అందరూ నవ్వారు. మెజిస్ట్రేటు నవ్వలేదు. రాజీ సంగతి కాగితాల్లో చూసి, వారంటు రద్దు చేసి, కేసు ముగించారు. కేసు కట్టిన స్టేషనుకు ఆ సంగతి రాస్తారని బాబు సాహెబ్ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ముద్ర వేసిన నకలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"కోర్టులో కొట్టేస్తే అయిపోలేదమ్మా. స్టేషన్లలో కాగితాలు యాడాడ తిరుగుతాంటాయో ఆ పైవాడికే ఎరుక. ఎవరైనా వస్తే ఇది చూపించు. కొంగుకు కట్టుకో, విడిచిపెట్టొద్దు."

తిరుగు ప్రయాణంలో బస్సు పుంగనూరులో ఆగినప్పుడు రెడ్డెమ్మ చెంగిని ఎత్తుకుని దిగిపోయింది. అమ్మవారికి చెప్పుకుని రేపు వస్తానంది. చెంగికి రెండు పూటల బిళ్లలు ఇచ్చి, నేను పాపతో ఊరికి వచ్చేశాను.

ఆమె బోయకొండలో ఏం చేసిందో తర్వాత తెలిసింది. మెట్లన్నీ ఎక్కి, తలనీలాలిచ్చి, ఒట్టు తప్పినందుకు అపరాధంగా ఆ కోర్టు కాగితాన్ని మడిచి హుండీలో వేసింది. 'నాకూ కోర్టుకూ ఇంకేం లేదు తల్లీ, ఇది కూడా నువ్వే ఉంచుకో' అని మొక్కుకుందట. బోడిగుండుతో తిరిగొచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. కాగితం జాగ్రత్త చేశావా అంటే, "బో జాగ్రత్తగా ఉండాది," అంది. నేను ఇంకేమీ అడగలేదు.

మా ఇద్దరికీ తెలియనిది ఒకటుంది. మల్లప్ప దొరికినప్పుడే పోలీసులు వెంకటస్వామిని కూతురెక్కడని అడిగారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కుప్పం దగ్గర ఫలానా పల్లెలో ఉందని చెప్పాడు. ఆమె వారంటు అప్పుడే మా వైపు స్టేషనుకు వచ్చేసింది. రద్దయిన కబురు మాత్రం కేసు కట్టిన స్టేషనుకే వెళ్లింది.

అక్టోబరు రెండో శుక్రవారం నేను మదనపల్లె వెళ్లాలి. సాయంత్రం నేనింకా పొట్లం కట్టకముందే రెడ్డెమ్మ పాపను నాకు అప్పగించి, చెంగిని అత్త దగ్గర వదిలి, ఆకు కోసుకుని బస్సు వేళకు వచ్చి బిళ్లల పొట్లం తీసుకుంటానని చెప్పి వెళ్లింది. రాలేదు. పొట్లం చేత్తో పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. బస్సు వచ్చి హారను కొట్టింది. పక్కింట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. అక్కడ ఇచ్చిపోతే వాళ్లు తీసి మింగుతారేమోనని భయం. సిద్ధమ్మకిస్తే మళ్లీ పేడదిబ్బలో వేస్తుందేమో. పొట్లం బీరువాలో పెట్టి, ఇంటికి తాళం వేసి బస్సెక్కాను.

అప్పటికే పోలీసులు ఆమెను మల్బరీ తోటలోంచి తీసుకుపోయారు. వారంటు రద్దయిందని చెబితే కాగితం చూపించమన్నారు.

"బోయకొండ గంగమ్మ దగ్గర ఉండాది."

"అయితే ఆయమ్మనే వచ్చి జామీను ఉండమను," అన్నాడట కానిస్టేబులు.

శని, ఆదివారాలు కోర్టు లేదు. సబ్‌జైల్లో ఉంచారు. ఆదివారం సాయంత్రం నేను బస్సు దిగేసరికి సిద్ధమ్మ మా గడప మీద కూర్చుని ఉంది. బిళ్లలు పేడదిబ్బలో పారేసిన ఆ ముసలామె శనివారం పొద్దున పిల్లకు మొదటి ఫిట్సు రాగానే బిళ్లల కోసం మా ఇంటికి వచ్చి తాళం చూసింది. మళ్లీ మళ్లీ వచ్చిందట.

"తియ్యమ్మా, తొందరగా తియ్యి. పిల్లకు మద్యాన్నించి తగ్గనే లేదు."

తాళం తీసి, పొట్లం తీసుకుని ఆమె వెంట పరుగెత్తాను. పట్టుగూళ్ల వ్యాపారి జీపులో చెంగిని కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయాం. సూది వేశాక ఫిట్సు ఆగాయి. పిల్ల కళ్లు తెరిచింది గాని ఎవరినీ గుర్తు పట్టలేదు.

సోమవారం రెడ్డెమ్మను మదనపల్లె కోర్టులో నిలబెడితే బాబు సాహెబ్ చూసి పరుగున వెళ్లి రిజిస్టరు తెచ్చాడట. అప్పటికప్పుడు వదిలేశారు. మంగళవారం ఆమె ఆసుపత్రికి వచ్చింది. చెంగి కుడిచెయ్యి పట్టుకుని చూసింది. చెయ్యి జారి పక్క మీద పడింది. 'అమ్మా' అని పిలిపించాలని ఎంతో ప్రయత్నించింది. నెలల తర్వాత పిల్ల నడిచింది గాని, మాట తిరిగి రాలేదు, చెయ్యి పూర్తిగా రాలేదు.

"కోర్టు మెట్లు ఎక్కినాను కదమ్మా, అందుకే," అంది ఆ రోజు.

నేను ఊరుకోలేకపోయాను. అది గంగమ్మ కోపం కాదని, రెండు రోజులు బిళ్లలు ఆగిపోవడం వల్లనేనని, మందు ఆగితే ఏం జరుగుతుందో పాఠం చెప్పినట్టు చెప్పాను. తన తప్పు లేదని ఆమెకు తెలియాలనుకున్నాను. ఆమె అంతా విని అడిగింది.

"బిళ్లలు యాడ ఉండె?"

"మా బీరువాలో."

ఆమె చెంగి దుప్పటి సర్దుతూ, నా వైపు చూడకుండా అంది. "వద్దులేమ్మా. గంగమ్మే అనుకుందాం."

బాబు సాహెబ్ రెండో నకలు తీయించి నాకిచ్చాడు. నేను తెచ్చి ఆమెకిచ్చాను. ఆమె మా పాపను పెంచడం మానలేదు. పాప మొదటి అడుగులు వేసింది ఆమె వేలు పట్టుకునే. కానీ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే బిళ్లల సీసా అడిగి తీసుకుంది. బిళ్లలు, కోర్టు కాగితం రెండూ నడుముకు దోపుకునే వక్కాకు తిత్తిలో పెట్టుకుంది. బావికి పోయినా, తోటకు పోయినా అది ఆమె ఒంటిమీదే ఉండేది. బీరువాలో పెట్టమని నేను మళ్లీ అనలేదు.