సత్తవ్వ లేజరు, పొద్దుతిరుగుడు చేను

సినిమాల్లో హీరో మీట నొక్కగానే ఎర్రటి కాంతి గీత దూసుకెళ్ళి ఎదుటి ఓడను బూడిద చేస్తుంది కదా, అలాంటి ఆయుధం నిజంగా ఎప్పటికైనా వస్తుందా అన్నది నన్ను చాలా ఏళ్ళుగా పీకుతున్న ప్రశ్న. నా బడి చదువు ఏడో తరగతితో సరి. మిగతాదంతా పాత పత్రికలు, రేడియో రిపేరు, ఈ మధ్య ఫోను నేర్పినవే. మొన్న సిద్దిపేట బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఈ సంగతే ఒకాయనకు వివరిస్తుంటే, పక్కనున్న ఆటో అంజయ్య నవ్వాడు. "సినిమాల దాంక ఎందుకు సారూ? నారాయణరావుపేట దిక్కు మా మేనత్త సత్తవ్వ దగ్గర లేజర్ తుపాకి ఉన్నది. చిలుకల మీద కొడ్తది." ఇంకేం కావాలి నాకు?

మర్నాడు అయిదున్నరకే బయలుదేరాం. రానూ పోనూ, అక్కడ ఆగడంతో కలిపి అయిదు వందలకు ఒప్పుకున్నాడు. బస్సులున్నాయి గానీ ఆ వేళకు వాటిని నమ్ముకోలేం. మాఘమాసపు చలి, రోడ్డు మీద మంచు. దారి పొడుగునా అంజయ్యకు నా చిన్నప్పటి భూతద్దం కథ చెప్పాను. ఎండను ఒక చుక్కగా పట్టి కాగితాలు కాల్చేవాణ్ణి. అదీ కాంతి ఆయుధమే, కావాలంటే చీమలను అడగమన్నాను. "చీమలు మాట్లాడవు గని, ఈడ దిగుండ్రి" అన్నాడు. అరగంటకే వచ్చేశాం.

సత్తవ్వకు అరవై దగ్గర పడుతుంటాయి. రెండెకరాల పొద్దుతిరుగుడు, గింజ పాలు పోసుకుంటోంది. గింజ గట్టిపడేదాకా చిలుకలను ఆపితే పంట చేతికొస్తుంది, లేకపోతే మిగిలేవి వట్టి తొడిమెలే. ఇన్నేళ్ళూ ఒడిసెల తిప్పి రాళ్ళు విసిరి కాపాడుకుంది. ఈసారి కుడి భుజం పట్టేసింది. "చెయ్యి పైకి లేస్తలేదు సారూ. దవాఖానల సూది ఇచ్చిన్రు, గంతే. మా ఆయన పట్నంల వాచ్‌మెన్. చిలుకలకు సెలవు పెట్టుమని చెప్పొస్తనా? అందుకే గిది తెప్పించిన" అంటూ కొంగులోంచి తీసింది. జానెడు టార్చి. ఆకుపచ్చ కాంతి.

"ఇంతేనా తుపాకి?" అన్నాను.

"మరి నీకు ఫిరంగి గావాల్నా?"

ఎండుటాకు మీద ఒక నిమిషం పట్టమన్నాను. పట్టింది. ఆకు వెచ్చనైనా కాలేదు. ఎందుకో చెబుతాను. కాల్చాలంటే ఇలాంటివి వేలకు వేలు ఒకే చుక్క మీద కలవాలి, ఆ చుక్క కదలకుండా కాసేపు నిలవాలి. సైన్యాలు ఇప్పుడు డ్రోన్లను లేజరుతో కాల్చి కూలుస్తున్న మాట నిజమే. అయితే దానికి కరెంటు పుట్టించేందుకూ, వేడెక్కితే చల్లబరిచేందుకూ లారీ నిండా సామాను కావాలి. పైగా దుమ్ము, మంచు, వాన దారిలోనే సగం కాంతిని మింగేస్తాయి. ఇంకో సంగతి. సినిమాలో హీరో ఆ గీతను చూసి పక్కకు దూకుతాడు. నిజంగా అయితే, చూశాడంటే అది అప్పటికే తగిలినట్టు. గీత పక్కనుంచి కనబడాలన్నా గాలిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ ఉదయం మంచు ఉంది కాబట్టి సత్తవ్వ గీత దారంలా మెరిసింది.

"అచ్చినయ్, అచ్చినయ్" అంది ఆమె. కీచుమంటూ గుంపు దిగింది. సత్తవ్వ పిట్టల కళ్ళ జోలికి పోకుండా, పూల తలల మీద చుక్కను పాములా పాకించింది. అంతే, గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది. నేను చప్పట్లు కొట్టబోయాను. చిలుకలు గట్టు దాటి పక్క చేలో వాలాయి.

ఆ చేను ఆమె తోటికోడలు రాజవ్వది. అన్నదమ్ములు పంచుకున్నాక మధ్యలో ఒక గట్టు వచ్చింది. రాజవ్వ ఆ గట్టు మీదికొచ్చి అరిచింది. "ఓ అక్కా, నీ చిలుకలను నా మీదికి తోలుతున్నవా?"

"నా చిలుకలా? నేనేమన్న పెంచుతున్ననా?"

"రేపు నేనూ తెప్పిస్త, నీ దానికంటె పెద్దది. నీ చేన్లకే కొడ్త సూడు!"

"తెప్పియ్యి, తెప్పియ్యి. దానికి లైసెన్సు సుత తెచ్చుకో!"

దేశాలు కూడా ఆయుధాల పోటీ ఇలాగే మొదలుపెట్టి ఉంటాయి. అంజయ్య మాత్రం "మా అత్తలిద్దరు రోజు గిట్లనే సారూ" అని బీడీ వెలిగించాడు.

అంతలో పొద్దు పొడిచింది. మంచు విడిపోయింది, గీత మాయమైంది. ఎండ పడ్డ పూల మీద చుక్క కూడా కంటికి ఆనడం లేదు. ఇది గమనించినట్టే చిలుకలు రెండు చేలలోనూ వాలాయి. సత్తవ్వ టార్చి కింద పడేసి, ఒడిసెలను ఎడమ చేత్తో తిప్పింది. రాయి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. రెండో రాయి పెట్టబోతే కుడి భుజం కలుక్కుమంది. పూల మీద చిలుకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకుంటున్నాయి.

రాజవ్వ ముందు నవ్వింది. తర్వాత గట్టు దిగి వచ్చి, ఆమె చేతిలోంచి ఒడిసెల లాక్కుంది. "తప్పుకో అక్కా, సార్ తల పగలగొడ్తవు." గిర్రున తిప్పి వదిలింది. ముందు సత్తవ్వ చేను లేచింది, రెండో రాయికి తన చేను. గుంపు దూరపు గుట్టల వైపు పోయింది.

సత్తవ్వ భుజం పట్టుకునే వంగి టార్చి ఏరుకుంది. "పొద్దు పొడిచెదాంక నీ చేన్ల సుత నేనే లైటు కొడ్త. పొద్దెక్కినంక నువ్వు తిప్పు" అంది.

"మరి పెద్దది తెప్పియ్యద్దా?"

"ఆ పైసలతోని నాకు జెండుబాం తేవే."

తిరుగు దారిలో అంజయ్య అడిగాడు, ఇంతకూ ఆ ఆయుధం వస్తదా రాదా అని. లారీ మీద మోసేది వచ్చేసింది, చేతిలో పట్టేది మాత్రం ఇప్పట్లో రాదు, అంత కరెంటును ఇముడ్చుకునే బ్యాటరీ లేదు అన్నాను. చెప్పాక నాకే వేరే ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళూ అది ఎంత కాలుస్తుందో లెక్కలు వేశానే తప్ప, తరిమింది ఎక్కడ వాలుతుందని ఒక్కసారీ ఆలోచించలేదు. ఏ పత్రికలోనూ ఆ మాట చదివిన గుర్తు లేదు. మీరూ చూడాలనుకుంటే గింజ గట్టిపడక ముందే, పొద్దు పొడవడానికి కనీసం అరగంట ముందు చేను చేరేలా బయలుదేరండి. ఆలస్యమైతే ఏమీ కనిపించదు, పైగా రాజవ్వ మీ చేతికీ ఒక ఒడిసెల ఇస్తుంది.