పద్నాలుగు పాటలకు నేను చెప్పిన అర్థం

కర్నూలు షాదీఖానాలో ఒక ఆదివారం పొద్దున నేను లేచి ఒక్క మాట చెప్పాల్సింది. "ఆయనకు ఈ అర్థాలు చెప్పింది నేను" అని. చెప్పలేదు. నలభై మంది దాకా ఉన్న ఆ హాల్లో, మూడో వరుసలో, చేతిలోని టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చుండిపోయాను. ఆ రోజు అక్కడున్నవాళ్లలో కొందరు ఇప్పటికీ తప్పు ఆయనదే అనుకుంటున్నారని ఈమధ్య విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన కడపలో దర్జీ. నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కాలేజీకి పోయే సందులోనే ఆయన షాపు, రెండు మిషన్లు పట్టేంత గది. నా ప్యాంట్లన్నీ ఆయనే కుట్టేవాడు. ఇద్దరికీ అప్పటికి ముప్పై దాటాయి. ఆయన నన్ను సారూ అనేవాడు, నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. ఆయన ఉర్దూలో గజళ్లు రాసేవాడు. కర్నూలులో ఉర్దూ కవులు నెలకోసారి కూడే సభకు బస్సెక్కి వెళ్లి, వెనక కూర్చుని, విని వచ్చేవాడు. చదవమని ఆయన్ని ఎవరూ పిలిచింది లేదు. అక్కడికొచ్చేవాళ్లు లెక్చరర్లు, వకీళ్లు, బ్యాంకు ఆఫీసర్లు. ఆయన ఏడో తరగతితో బడి మానేసినవాడు. ఒక్కసారి ఆ మైకు ముందు నిలబడి ఆ పెద్దల చేత కవి అనిపించుకోవాలన్నది ఆయన కోరిక. ఎప్పుడూ బయటికి అనేవాడు కాదు. నాకు మాత్రం తెలుసు.

రెండు వేల నాలుగు ప్రాంతంలో ఆయన బావమరిది కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ డ్రైవరు. వస్తూ బావకు ఒక సీడీ ప్లేయరు, దాంతోపాటు ఒక సీడీ తెచ్చాడు. అమెరికాలో ఒక నల్లజాతి యువకుడు చేసిన హిప్ హాప్ ఆల్బమ్ అది. పద్నాలుగు పాటలు. మధ్యమధ్య ఫోన్ మోగడం, ఒక ఆడమనిషి గొంతు, తలుపు మూసిన చప్పుడు.

"సారూ, వీడు పాడలేదు, మాట్లాడతాండాడు. శానా కోపంగా ఉండాడు. ఏమంటాండాడో రొంత చెప్పప్పా" అన్నాడు.

చెవి ఒగ్గి విన్నాను. ఒక్క ముక్క అందలేదు. నేను ఎమ్మే ఇంగ్లీషు. అయితే నా ఇంగ్లీషంతా పుస్తకాల్లోది, గైడ్లలోది. ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషిని నేను దగ్గరగా చూసింది కూడా లేదు. రెండో మిషన్ మీద కుడుతున్నతను కూడా పని ఆపి నా వైపు చూశాడు. "నాకు తెలీడం లేదు భాయ్" అనుంటే అక్కడితో అయిపోయేది. ఆ ఆడగొంతు ఒక్కదాన్ని పట్టుకుని, "వాళ్లమ్మ ఫోన్ చేస్తాంది. కొడుకు ఇల్లిడిచి పోయినాడు" అన్నాను.

ఆయన కత్తెర కింద పెట్టాడు. "అట్లనా! మళ్ల?"

మళ్ల ఏముంది, అల్లుకుంటూ పోయాను. రోజూ సాయంత్రం కాలేజీ అయ్యాక ఒక పాట. కొడుకు జైలుకు పోయాడన్నాను. అయిదో పాటలో తల్లి చనిపోయిందన్నాను, ఎందుకంటే దాంట్లో పియానో నెమ్మదిగా మోగుతుంది. ఆ పాటకు ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు లోపల భయం వేసింది. దానికన్నా ఎక్కువగా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, గర్వం వేసింది.

"అర్థం నీది, కాఫియా నాది సారూ" అనేవాడు. గజల్లో పాదాల చివర కుదిరే ప్రాసను ఉర్దూలో కాఫియా అంటారు. భాష రాకపోయినా ఆయన ఆ పాటల్లో ప్రాసలు వినిపట్టి, బట్టకు గీతలు గీసే సుద్దతో బల్ల మీద గుర్తులు పెట్టేవాడు. "చూడు, మూడు చోట్ల కలిపినాడు. నాలుగో చోట గూడా కలుపుతాడని మనం కాచుకోనుంటే, కలపకుండా పాయ. ఉస్తాద్ వాడు!"

ఒకసారి నేను, ఇలాంటి కొన్ని ఆల్బమ్‌లను ఇంగ్లీషు పత్రికలవాళ్లు క్లాసిక్ అంటారని చెప్పాను.

"అంటే ఏంది?"

"ఎన్నేళ్లయినా పాతబడనిది."

"యాల పాతబడదు అంట?"

 ఆయన కాజాలు కుడుతూ కుడుతూ తనే చెప్పాడు. "సినిమా క్యాసెట్టులో యా పాటన్నా తీసెయ్, ఏం కాదు. దీంట్లో అయిదోది తీసేసి ఇను, ఆరోది ఎందుకొచ్చిందో తెలీదు. మళ్ల, మొదటి పాటలో వాయించింది ఆఖరి పాటలో తిరుక్కోనొస్తాది. మెల్లగా, ఆ మనిషే ముసలోడైనట్ల. ఇంగోటి. వాడు వాళ్ల వీధి దాటి పోడు. వాడి మాట ఒక్కటి తెలీని నాగ్గూడా అది వీధని తెలుస్తాంది సారూ."

హిప్ హాప్ గురించి తర్వాత నేను చాలా చదివాను. ఆ మాటల కన్నా ఎక్కువేమీ దొరకలేదు.

ఆయన ఈ పాటల గురించి కర్నూలులో ఎవరితోనో అన్నాడు. అక్కడి పెద్దలకు వింతగా తోచి, వచ్చే సభలో పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. కరపత్రంలో ఆయన పేరు, దాని కింద ఆ ఆల్బమ్ పేరు అచ్చయ్యాయి. ఊరందరికీ కుట్టే మనిషి తన కోసం ఒక తెల్ల జుబ్బా కుట్టుకున్నాడు.

"నువ్వూ రావాల సారూ. యాడన్నా తడబడితే నువ్వుంటావు గదా" అన్నాడు.

సభకు ఇంకా రెండు వారాలుంది. నెట్ సెంటర్‌లో ఆ పాటల మాటలు దొరుకుతాయని నాకు తెలుసు. ఒకరోజు దాని మెట్ల దాకా పోయి తిరిగొచ్చాను. అసలు అర్థం తెలిస్తే ఆయనకు చెప్పక తప్పదు. తెలియకుండా ఉంటే, ఏమో, నేను చెప్పిందే నిజమై ఉండొచ్చు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆదివారం ఆయన బాగా మాట్లాడాడు. ప్రాసలు చేత్తో తాళం వేసి చూపిస్తుంటే ముందు వరుసలో వాహ్ వాహ్ అన్నారు. తర్వాత అయిదో పాటకొచ్చి, తల్లి చావు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. రెండో వరుసలోంచి ఒక బ్యాంకు ఆఫీసరు లేచాడు. ఆయనా గజళ్లు రాసేవాడే. చేతిలో కాగితాలున్నాయి.

"భాయ్ సాబ్, కరపత్రంలో పేరు చూసి నెట్‌లోంచి ఈ పాటలు తీసుకొచ్చినా. ఇది మత్తు సరుకు అమ్మేవాడు పోలీసోళ్లను తప్పించుకునే పాట. అమ్మ అనే మాట ఉండాది, కాదనను. అది బూతులో ఉండాది."

హాలంతా నవ్వింది.

"దర్జీ గదా, లేని మనిషికి గూడా కొలతలు తీసినాడు" అని వెనక ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

"ఇంతకూ ఈ తల్లి కథ మీకెవరు చెప్పినారు?" అని బ్యాంకు ఆఫీసరు అడిగాడు.

ఆయన నా వైపు చూశాడు. ఎంతోసేపు కాదు. "ఎవురూ చెప్పలేదు జనాబ్. నేనే అనుకున్నా" అని, తను రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. ఇంకా తొమ్మిది పాటలు మిగిలే ఉన్నాయి.

తిరుగు బస్సు నంద్యాల దాటి ఆళ్లగడ్డలో ఆగింది. ఆయన దిగి టీ తెచ్చి నా చేతికిచ్చాడు. "నీగ్గూడా సరిగ్గా ఇనపళ్లేదేమోలే సారూ. గబగబ మాట్లాడతాడు గదా వాడు" అన్నాడు.

"అవును భాయ్, స్పీడెక్కువ" అన్నాను. ఆయనే నాకొక సాకు వెతికి ఇస్తే, టీతోపాటు దాన్నీ పుచ్చుకున్నాను.

ఆ తర్వాత ప్యాంట్లు వేరేచోట కుట్టించుకున్నాను. కాలేజీకి చుట్టుదారిన పోయేవాణ్ణి. చాలా నెలలకు నెట్ సెంటర్‌కు పోయి మాటలు తెచ్చుకుని, డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఆ ఆడగొంతు తల్లిది కాదు. పోలీసులొచ్చారు, ఇంటికి రావద్దు అని చెప్పే పక్కింటావిడది. ఆరో పాట ఆ మర్నాటి పొద్దున అదే వీధిలో జరుగుతుంది. అయిదోది లేకపోతే ఆరోదానికి అర్థం లేదు. దర్జీ సుద్దతో గుర్తు పెట్టిన ప్రాసల్లో ఒక్కటీ తప్పు కాదు. చెవితో విన్నదంతా ఆయన సరిగ్గానే విన్నాడు. నేను కలిపిందే అబద్ధం. ఇది తెలిశాక కూడా నేను ఆయన దగ్గరికి పోలేదు.

నాలుగేళ్లకు కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ఆయన బావమరిది ఎదురుపడ్డాడు. మళ్లీ సెలవు మీద వచ్చాడట.

"మా బావ షాపులో ఇప్పుడు పాటల్లేవు సారూ. రాసేదీ లేదు. కర్నూలికి పోయేదే ఇడిసిపెట్టినాడు. ఏమైందో నీకేమన్నా తెల్సా?"

"తెలీదప్పా" అన్నాను. ఆ మాట అంత సులువుగా నోట్లోంచి రావడం చూసి నాకు నా మీదే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్లాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. "రా సారూ, శానా దినాలకు. కొలతలా?" అన్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను.

"తెలీక తప్పు చెప్పినావనుకోనుంటి ఇన్నాళ్లు" అన్నాడు. "కావాలనే అల్లినావా? పద్నాలుగు పాటలకూ?"

"పద్నాలుగింటికీ."

"తెలీదని చెప్పింటే నేను నగుతానా సారూ? నాకే రాదు గదా ఆ భాష. ఆ పాటకు ఏడ్చినాను గదప్పా నేను."

"మన్నించు భాయ్" అన్నాను.

ఆయన మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈడ ఎవరుండారని చెప్తాండావు? నేనూ నువ్వే గదా. నగినోళ్లు ఈడ లేరు. ఆడ చెప్పు."

ఆ నెల సభకు పోయాను. ఆయన వేరే బస్సులో వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. బ్యాంకు ఆఫీసరు కూడా ఉన్నాడు, ఆ రోజు నవ్వినవాళ్లలో కొందరు మాత్రం రాలేదు. అధ్యక్షుణ్ణి రెండు నిమిషాలు అడిగి మైకు దగ్గర నిలబడ్డాను. 

"నాకు ఉర్దూ సరిగ్గా రాదు, తెలుగులోనే చెప్తాను. నాలుగేళ్ల కింద ఈ భాయ్ ఇక్కడ చెప్పిన తల్లి కథ ఆయనది కాదు, నాది. ఆ పాటలు నాకు అర్థం కాలేదు. ఎమ్మే చదివి అర్థం కాలేదని చెప్పుకోవడానికి నామోషీ అయి, అల్లి చెప్పినాను. ప్రాసల గురించి, పాటల వరస గురించి ఆయన చెప్పినవన్నీ ఆయన సొంతం. నేను కాగితం పెట్టుకుని సరిచూసినాను, అన్నీ నిజమే. మీరు నవ్వాల్సింది నన్ను చూసి. ఆ రోజు నా పేరు బయటపెట్టకుండా ఆయన తల వంచుకున్నాడు. నేను ఆ మూడో వరుసలో కూర్చుని టీ తాగినాను. భాయ్, ఆ కథ అబద్ధం చెప్పినందుకు, ఆ పొద్దు లేవనందుకు, ఆళ్లగడ్డలో నువ్వు టీ ఇచ్చినప్పుడు గూడా నోరు తెరవనందుకు, వీళ్లందరి ముందర అడుగుతాండా. నన్ను మన్నించు."