చల్లని బియ్యం

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, గుడి అరుగు మీద ఎండలో పెట్టిన బియ్యం సంచులను ఒక్కొక్కటే విప్పి గంపలో పోస్తున్నాను. మా క్రైస్తవ సంఘంలో ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవునికని పక్కకు తీసి, వారం చివర గుడికి తేవడం ఆనవాయితీ. ఎండకు సంచులన్నీ వేడెక్కి ఉన్నాయి. సువార్తమ్మ సంచిలో చెయ్యి పెట్టగానే మాత్రం వేళ్ళు జిల్లుమన్నాయి. లోపల బియ్యం బావి అడుగు రాయిలా చల్లగా ఉన్నాయి. ఆ చలి నాకు తెలుసు. పదేళ్ళ వయసులో ఒకసారి తగిలింది. తగిలించింది దీనమ్మత్త.

ఆమె మాకు రక్తసంబంధి కాదు. మార్కాపురం దగ్గర మా పల్లెలో సంఘ పరిచారకురాలు. మాట తక్కువ. పిలవకుండా ఎవరింటికైనా వచ్చి కూర్చుందంటే ఆ ఇంటికి ఏదో రాబోతోందని జనం జంకేవాళ్ళు.

నాకప్పుడు మూర్ఛ ఉండేది. వచ్చే ముందు వెంట్రుకలు కాలిన వాసన నాకొక్కదానికే వచ్చేది. ఒక్క పూట కూడా మాత్రలు మానకూడదని డాక్టరు చెప్పారు. అమ్మ లేదు, పిడికెడు తీసే పని కూడా నాదే. నాయన పలకల గనిలో కూలి. గని మూతపడింది, మాత్రలు అయిపోయాయి. చెయ్యి చాచడం నాయనకు చేతకాదు. ఆ ఆదివారం సంఘంలో లేచి నిలబడి, నా బిడ్డను దేవుడు బాగుచేసినాడు, మాత్రలు మానేసినాం అని సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరసలో దీనమ్మత్త పెదవి కదపలేదు.

ఆరాధన అయ్యాక సంచులు విప్పుతూ మా సంచి దగ్గర ఆగింది. నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకొని బియ్యంలోకి దించింది. ఆ మండుటెండలో నా మోచేయి దాకా చలి పాకింది. ఆమె సంచి చంకన పెట్టుకొని మా ఇంటికి నడిచింది.

నాయన మంచం వాల్చాడు. ఆమె కూర్చోలేదు.

"దావీదూ, మాత్రలు మానినావా, అయిపోయినయ్యా?"

"దేవుని మీద నమ్మకం పెట్టినా అక్కా."

"పెట్టు. చేతిలో డాక్టరు చీటీ పెట్టుకొని పెట్టు. డబ్బుల్లేవని చెప్పలేక ఆయన పేరు అడ్డం పెట్టినావు."

నాయన తల వంచుకున్నాడు. అప్పుడే నాకు కాలిన వాసన వచ్చింది. చెప్పబోయాను, నోరు పెగల్లేదు. నేను పడకముందే ఆమె చేతులు చాచి ఉన్నాయని నాయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. నాకు తెలివి వచ్చేసరికి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంది. నాయన గోడకు ఆనుకొని ఏడుస్తున్నాడు.

సంఘపెద్దలతో ఏం మాట్లాడిందో, ఆ వారం గంపెడు బియ్యం నెత్తిన పెట్టుకొని మార్కాపురం బస్సెక్కింది. మందుల దుకాణం భాయ్ ఆ గంప చూసి నవ్వాడట. "నా కాడ తక్కెడ కూడా లేదు గదక్కా, కిరాణా కొట్టు పక్క వీధిలో ఉంది" అన్నాడట. అయినా గంప దించుకొని మాత్రలిచ్చాడు. ఇకమీదట సర్కారు ఆసుపత్రిలో చీటీ చూపిస్తే ఈ మాత్రలు ఊరికే ఇస్తారని, దొరకని నెల తన దగ్గరికి రమ్మని చెప్పి పంపాడు.

నాయన సిగ్గుతో గుడి మానేస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వచ్చే వారం మళ్ళీ సాక్ష్యం చెప్పు, ఈసారి జరిగింది చెప్పు అంది. నాయన లేచి, దేవుడు నా బిడ్డకు మాత్రలిచ్చినాడు అని మాత్రమే చెప్పి కూర్చున్నాడు. ఆమె ఆమెన్ అంది. ఆ ఒక్క గొంతే వినబడింది నాకు.

ఆమె చివరి రోజుల్లో అడిగాను, బియ్యం సంగతి నీకెట్ల తెలుస్తుందత్తా అని. "నాకూ తెల్వదు. అది అడగబాక. చల్లగుంటే పో."

అందుకే పోయిన ఆదివారం గంప అక్కడే వదిలి సువార్తమ్మ ఇంటికి నడిచాను. ఉదయం పాటల్లో అందరికంటే గట్టిగా పాడింది ఆమే. తలుపు తెరిచి నవ్వబోయింది. ఆమె వెనక నులకమంచం మీద భర్త, దిండు పక్కన ఖాళీ మాత్రల అట్టలు.

"అయిపోయి ఎన్నాళ్ళయిందమ్మా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎవరు చెప్పినారక్కా నీకు?"

నా కుడి చెయ్యి ఇంకా చల్లగానే ఉంది. ఆ చెయ్యే చాచి డాక్టరు చీటీ అడిగాను.