వ్రతానికి కూర్చున్నట్టు కూర్చోమన్న డాక్టరు గారు

మొన్న ఏలూరులో ఒక ఆసుపత్రిలో, కంప్యూటరులో నా ఎడమ మోకాలి ఎక్స్‌రే చూస్తూనే, అరిగిపోయిందండీ, కీలు మార్చేద్దాం అని యువ డాక్టరు గారు తేల్చేశారు. ఆయన నా కాలును తాకనైనా తాకలేదన్న సంగతిని ఇంటికి రాగానే తేదీ వేసి రాసిపెట్టుకున్నాను. కోపంతో మొదలుపెట్టిన ఆ వాక్యం పూర్తయ్యేసరికి మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు.

నాన్నగారిది పౌరోహిత్యం, భీమడోలు మొదలుకొని కొల్లేటి ఒడ్డు ఊళ్లదాకా పెళ్లిళ్లకూ వ్రతాలకూ వెళ్లి, పూటల తరబడి పీట మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవలసిన వృత్తి. ఒక ఏడాది కుడి మోకాలు సలపడం మొదలై, బాసిపట్టు కుదరక కాలు చాపుకుని మంత్రం చెబుతుంటే, దేవుడి వైపు కాళ్లు చాపుతున్నారని పెద్దలు గుసగుసలాడారు. అమ్మ రోజూ ఆముదం కాచి ఆ మోకాలికే మర్దన చేసేది. తాడేపల్లిగూడెంలో చూపిస్తే మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు. పీట దిగిపోతే ఆయన ఇంకేం చేయగలరన్న భయంతో ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు.

చివరికి మా బాబాయి పట్టుబట్టి, అమ్మా నేనూ వెంట రాగా, ఆయన్ను ఏలూరులోనే ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లాడు. డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మును పక్కన పెట్టి, నేల మీద దుప్పటి పరిపించి, వ్రతానికి కూర్చున్నట్టు కూర్చోండి పంతులు గారూ అన్నారు.

"అదే చేతనైతే మీ దాకా ఎందుకు వస్తానండీ?" అని నాన్నగారు విసుక్కుంటూనే కూర్చున్నారు.

మోకాలు సులువుగానే మడతపడింది. తొడ మాత్రం పక్కకు వాలక నిటారుగా నిలిచిపోయింది. బల్ల మీద పడుకోబెట్టి ఆ తొడను మెల్లగా తిప్పబోయేసరికి నాన్నగారు పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. జబ్బు తుంటిలో ఉందనీ, తుంటి నొప్పి ఒక్కోసారి మోకాలిలో తెలుస్తుందనీ డాక్టరు గారు చెబుతుంటే, నిక్షేపంలాంటి మోకాలిని కోయబోయారా అని అమ్మ వాపోయింది.

తుంటి కీలు మార్చాక నొప్పి పోయింది గాని, నేల మీద కూర్చోవద్దన్నారు. బాబాయి కుర్చీ తెచ్చి వేసి, "ఇక దేవుణ్ణే బల్ల మీదికి ఎక్కిద్దాం అన్నయ్యా" అంటే నాన్నగారు నవ్వలేదు. కాని బ్రతికినన్నాళ్లూ ఆ కుర్చీలోనే మంత్రం చెప్పారు.

ఇప్పుడు వ్రతానికి పిలిచినవారే కుర్చీలు వేస్తున్నారు, తప్పు పట్టేవారు లేరు. కింద కూర్చోలేకపోతున్నామన్న సంగతి మనకే తెలియడం లేదు. రేపు ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టే ముందు దుప్పటి పరవమని అడగదలచుకున్నాను. నవ్వితే నవ్వనీ. నా భయమల్లా, ఆ డాక్టరు అబ్బాయి దుప్పటి పరిచి, తరవాత ఏం చూడాలో తెలియక నా ముఖం వైపు చూస్తాడేమోనని.