ఒడిలో పెట్టిన డబ్బా

మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి, స్టేషన్ భోజనశాలకు మోదుగాకు విస్తర్లు సరఫరా చేశారు. తాతగారి కాలానికి రైల్వే కాలనీలో తెలుగువారి పెళ్లంటే మా విస్తరి పడాల్సిందే. మమ్మల్ని ‘విస్తర్లవారు’ అనేవారు. ఆ పిలుపును మేం బిరుదుగానే తీసుకున్నాం. థర్మకోల్ పళ్లేలు వచ్చాక మిగిలింది ఒక షెడ్డు, అందులో విస్తర్లు అచ్చువేసే ఇనుప ప్రెస్సు. ఇప్పుడు నేను పనిచేసే అట్టపెట్టెల కార్ఖానాలో గుజ్జు ఉడికే వాసన తగిలితే ఆ షెడ్డు, అందులో కూర్చున్న సరోజిని మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడ మా కాలేజీలో ప్యాకేజింగ్ డిజైన్ చెప్పేవారు. ఆవిడదీ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పాత రైల్వే కాలనీ కుటుంబం. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా నేను ప్లాస్టిక్ లేని భోజనం డబ్బా తలపెట్టాను. ఊరి పక్కనున్న మస్తూరీ పొలాల నుంచి వరిగడ్డి తెచ్చి, గుజ్జు చేసి, మా ప్రెస్సులోనే అచ్చు వేశాను. రైళ్లకు భోజనాలు అందించే కాంట్రాక్టరు ఒకాయన, డబ్బా నచ్చితే ఆర్డరిస్తానన్నాడు. అది వస్తే షెడ్డు నిలుస్తుంది, రాకపోతే అమ్మకమే అని నాన్నగారు చెప్పేశారు.

మేడమ్ పరీక్ష ఒక్కటే. డబ్బా నిండా వేడి పప్పు పోసి ఒడిలో పెట్టుకోవాలి. రైల్లో జనం తినేది అలాగే కదా. మొదటిసారి నేను దాన్ని బల్ల మీదే ఉంచి, “మా తాతగారి ప్రెస్సు మేడమ్, తప్పు రాదు” అన్నాను.

“మీ తాత పేరు వేడికి ఆగుతాదేటి, బాబూ? ఒళ్లో ఎట్టుకో.”

పెట్టుకున్నాను. ప్యాంటు పాడైంది, క్లాసు నవ్వింది. ఆవిడ నవ్వలేదు. “మళ్లీ ఉడకెట్టు” అన్నారు. అడుగున పల్చగా ప్లాస్టిక్ పూత వేద్దామంటే ఒప్పుకోలేదు. “అప్పుడది థర్మకోల్‌కి చెల్లెలవుతాది. ఏటి తేడా?”

కాంట్రాక్టరు షెడ్డుకు వచ్చిన రోజు డబ్బాను ఆవిడే ఒడిలో పెట్టుకున్నారు. అప్పటికే జబ్బు ముదిరి మనిషి సగమయ్యారు. భోజనం చేసేంత సేపూ డబ్బా చెక్కుచెదరలేదు.

“అచ్ఛా, బాగుంది. ఇక్కడ నింపింది రాయ్‌పూర్ దాటాక తింటారు మేడమ్. అందాకా ఆగుతాదా?” అన్నాడాయన.

ఆగుతుందని చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తారు. “కూకుంటే తెలుస్తాది.”

టీ వచ్చింది, చల్లారింది. అడుగు మెత్తబడి, పసుపు మరక ఆవిడ చీర మీద మెల్లగా పాకింది. నేను డబ్బా తీయబోతే, “ఉండు, ఆయన్ని చూడనీ” అన్నారు. తర్వాత ఆయనతో, “ఆగదు బాబూ. ఇంకొంచెం టైము కావాలి.”

“టైమే లేదు మేడమ్” అని ఆయన వెళ్లిపోయాడు. నాన్నగారు ఆవిడను సాగనంపడానికి గుమ్మం దాకా కూడా రాలేదు. నేనే స్కూటరు మీద దింపాను. ఆగుతుందని ఒక్కమాట అంటే సరిపోయేది కదా అని దారిలో అడిగాను.

“సరిపోయేది. రైల్లో ఏ ముసలమ్మ ఒళ్లోనో కారేది.”

ఆ వానాకాలం ఆవిడ పోయారు.

ఇప్పుడు కార్ఖానాకు కొత్త భోజనం డబ్బా నమూనా వస్తే వేడి పప్పు తెప్పించి ఒడిలో పెట్టుకుంటాను. వెనక నవ్వుతారు, నవ్వనిస్తాను. కారిన సరుకుకు సంతకం పెట్టను. మా ఇంటి మర్యాదలో నా దగ్గర మిగిలింది అదొక్కటే. అదీ మా తాతగారు ఇచ్చింది కాదు.

షెడ్డు అమ్మేశాం. ప్రెస్సు పాత ఇనుము కింద తూకానికి పోయింది.